గంజాయి మాటెత్తని ఉత్తరాలు

కింగ్‌స్టన్,
2 మే 1984

మరిది జెకీకి, ప్రభువు నామంలో హెప్సిబా వదిన శుభములు చెప్పి రాయునది.

క్లారిబెల్‌ను నువ్వు నా ఇంట్లో దించి వెళ్లి ఆరు వారాలైంది. ఆసుపత్రిలో ఎక్కించే మందు కడుపులోని రాచపుండును చంపుతోందో లేదో తెలియదు గాని, నా చెల్లెల్ని మాత్రం చంపుతోంది. మొక్కజొన్న జావ నాలుగు చెంచాలు తాగితే ఆరు చెంచాలు కక్కుతోంది. పెళ్లి ఉంగరం వేలికి నిలవడం లేదని దారానికి గుచ్చి మెడలో కట్టాను. ఆకలి పుట్టి నాలుగు మెతుకులు తింటే ఈ ఏడాది గడుస్తుందట, తినకపోతే జూన్ దాటదట. డాక్టరు నా మొహం చూడకుండా చెప్పాడు.

నువ్వెప్పుడొస్తావని రోజూ అడుగుతోంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకో. నిరుడు బాప్తిస్మం రోజున, ఉన్న ఆ పాడు మొక్కలన్నీ పీకేశానని బైబిలు మీద చెయ్యేసి చెప్పావు. సంతోషం. దాని పేరు ఇక నా ఇంట్లో వినపడకూడదు. కాగితం మీద కూడా కనపడకూడదు.

నీ మేలు కోరే,
హెప్సిబా

తా.క. నువ్వు పంపిన జాజికాయను జావలో వేసేముందు రెండుసార్లు వాసన చూశాను. ఏమనుకోకు.


క్వాష్ హిల్,
9 మే

గౌరవనీయులైన వదినగారికి మరిది జెకీ దణ్ణాలు. ఇక్కడ నేనూ గాడిదా క్షేమం.

మీరు ఎత్తొద్దన్న పేరు ఎత్తను. మీకు సూచనగా రాస్తే చాలు. ఈసారి పదకొండు మందిని పెంచుతున్నాను. మొన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కరినీ పరీక్షగా చూస్తే ఆరుగురు మగవాళ్లని తేలింది. మనసు రాయి చేసుకుని ఆరుగురినీ ఆ పూటే తీసేసి, పెంటగోతిలో వేసి మట్టి కప్పాను. ఏం చేయను? ఒక్క మగవాడున్నా చాలు, ఆడవాళ్లంతా చెడిపోతారు.

మిగిలిన ఐదుగురిలో గోల్డీ మీదే నా ఆశంతా. తల్లిది మన కొండజాతి. ఆకలి పుట్టించడంలో దాన్ని మించింది లేదు గాని, తయారవడానికి ఆరు నెలలు పట్టేది. తండ్రి పొట్టోడు, మూడు నెలల రకం. నాలుగేళ్లుగా ఈ జాతినీ ఆ జాతినీ కలిపీ కలిపీ చూస్తే, తల్లి గుణమూ తండ్రి వేగమూ పుణికిపుచ్చుకున్నది ఇదొక్కతే పుట్టింది. క్లారిబెల్ చేత అన్నం తినిపించేది ఇదే. జూన్‌లోగా అందించాలని నా ఆరాటం.

మీ విధేయుడు,
జెకీ

తా.క. ఆ ఆరుగురిలో ఒకడు అచ్చం మన పాస్టరుగారిలా నిటారుగా, మర్యాదగా ఉండేవాడు. వాణ్ణి పూడ్చేటప్పుడు మాత్రం టోపీ తీశాను.


కింగ్‌స్టన్,
15 మే

జెకీకి, ప్రభువునందు శుభములు.

ఇన్నాళ్లకు బుద్ధి తెచ్చుకుని కోళ్లు పెంచుతున్నావు. దేవునికి స్తోత్రం. కానీ ఆరు పుంజుల్ని మట్టిలో కప్పడమేమిటయ్యా, చక్కగా కూర వండుకోక?

నీ ఉత్తరం క్లారిబెల్‌కు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. మళ్లీ చదవమంది. "గోల్డీ ఎంతెత్తుందో కనుక్కో అక్కా" అంది. "కోడి ఎంతెత్తుంటుందే పిచ్చిదానా?" అంటే గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. ఏం నవ్వితే ఏం లాభం, జావ ముట్టలేదు. ఈ వారం జుట్టు కూడా రాలిపోతోంది. దువ్వెన దాచేశాను.

ఆ గోల్డీ పులుసు దీనికి ఆకలి పుట్టిస్తుందంటే ఆలస్యమెందుకు? కోసి పట్టుకురా.

హెప్సిబా

తా.క. గుడ్లు పెడుతోందా?


క్వాష్ హిల్,
21 మే

వదినగారికి దణ్ణాలు.

గుడ్ల మాట చదివి నేనూ చాలాసేపు నవ్వుకున్నాను. మీరింత చమత్కారులని ఇన్నేళ్లూ తెలియలేదు.

గోల్డీ ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తు. వాన వెలిశాక దాని వాసన రోడ్డు దాకా పోతోంది. మొన్న మా ఊరి పోలీసు కార్పొరల్ గేటు దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఏంటి జెకీ బాబాయ్, లోపలెవరినో దాచినట్టున్నావే!" అన్నాడు. "మా ఆవిడ ఊళ్లో లేదు గదా నాయనా, తోడుండొద్దూ?" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు, మంచివాడు. పొద్దస్తమానం దాని పక్కనే కుర్చీ వేసుకుని కూచుంటున్నాను. పాట పాడితే కళకళలాడుతుంది. దాని చెల్లెల్నొకదాన్ని సొంత కుటుంబంలోనే కలపాలనుంది. బయటి సంబంధమైతే గుణం నిలవదు.

నేను రాలేదని క్లారిబెల్ కోపగించుకుంటోందా? వదినా, మీ దగ్గర దాపరికమెందుకు, నాకు భయం. మంచం పక్కన చేతులు కట్టుకుని కూచుని ఆమె తినలేకపోవడం చూడటం నా వల్ల కాదు. ఖాళీ చేతుల్తో రాలేను. గోల్డీని తీసుకునే వస్తాను.

మీ జెకీ

తా.క. గోల్డీకి ఎండ బాగా తగలాలని క్లారిబెల్ బట్టలారేసుకునే తీగ తెంపేశాను. ఆ చోటు ఇక గోల్డీదే.


కింగ్‌స్టన్,
27 మే

జెకీ,

శుభములు చెప్పను.

కోడి కాదన్నమాట! నీకంటే జానెడెత్తు ఆడమనిషి! పగలంతా పక్కన కూచుని పాటలా? చెల్లెళ్లను సొంత కుటుంబంలోనే కలుపుతావా? లేవీయకాండం పద్దెనిమిదో అధ్యాయం తీసి చదువు, కళ్లజోడు పెట్టుకుని మరీ చదువు. పెళ్లాం ఇక్కడ ఎముకలగూడై పడుంటే దాని బట్టల తీగ తెంపి ఇంకొకత్తెకు చోటిచ్చావు. పైగా దాన్ని వెంటబెట్టుకుని నా గుమ్మంలోకి వస్తావా? సలసలా కాగే నీళ్లు పోస్తాను.

ఈ ఉత్తరం క్లారిబెల్‌కు చదవలేదు. రాలేదని చెప్పాను. అది కులాసాగా ఉంది. తింటోంది, తిరుగుతోంది. నువ్వు రానక్కర్లేదు.

హెప్సిబా

తా.క. రోడ్డు దాకా కంపు కొట్టే మనిషికి ముందు స్నానం చేయించు.


క్వాష్ హిల్,
2 జూన్

వదినగారికి వేయి దణ్ణాలు.

మీరు తిట్టిన తిట్లలో సగం అర్థం కాలేదు గాని, క్లారిబెల్ తింటోందన్న ఒక్క ముక్క చదివి మోకాళ్ల మీద పడ్డాను. తింటోందా! తిరుగుతోందా! గాడిదక్కూడా చెప్పాను.

అలాగైతే ఇక హడావుడి లేదు. ఇవాళో రేపో గోల్డీని కోసేద్దామనుకున్నాను. ఇంకో పన్నెండు రోజులాగితే పూర్తిగా తయారవుతుంది. అప్పుడు మొదట్లో ఒక్క వేటు. తర్వాత వంటపాక దూలానికి తలకిందులుగా వేలాడదీస్తాను. వారం పది రోజులు నీడన ఉంటే చాలు, ముక్కలు చేసి జాడీలో పెట్టి తెస్తాను. స్నానం మాత్రం కుదరదు వదినా. ఈ దశలో తడి తగిలితే బూజు పడుతుంది.

మీ రుణం తీర్చుకోలేని,
జెకీ

తా.క. చెల్లెళ్లకు కూడా అదే రోజు ముహూర్తం. కత్తి సానబెట్టాను.


కింగ్‌స్టన్,
6 జూన్

జెకీ,

స్టేషనుకు నేనే వెళ్లాను. నీ ఉత్తరాలన్నీ ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టి, పూడ్చిన ఆరుగురి గురించీ, కత్తికి ఎదురుచూస్తున్న ఐదుగురి గురించీ చదివి వినిపించాను. పాపం, ఆయన మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. అంత జాలిగుండె పోలీసును నేనెక్కడా చూడలేదు. మీ పరగణాకు వెంటనే కబురు పంపుతానన్నాడు.

పశ్చాత్తాపపడు.

హెప్సిబా

తా.క. ఆ జాడీ నా ఇంటికి పంపావా, గేటు దగ్గరే పగలగొడతాను.


స్టేషను లాకప్పు,
12 జూన్

వదినగారికి జెకీ దణ్ణాలు.

మీరు వద్దన్న మాట ఇప్పుడు రాస్తున్నాను. గంజాయి. గోల్డీ గంజాయి మొక్క వదినా. చెల్లెళ్లు గంజాయి మొక్కలు. పూడ్చిన ఆరుగురూ గంజాయి మొక్కలే. నిరుడున్నవన్నీ పీకేశానని ఒట్టేశాను, నిజంగానే పీకాను. ఇవి ఈ ఏడాదివి. టీ కాచి ఇస్తే క్లారిబెల్‌కు ఆకలి పుడుతుందని పెంచాను.

నలుగురు పోలీసులు పారలతో వచ్చారు. పెంటగొయ్యి అంతా తవ్వి శవాల కోసం వెతికారు. దొరికిన ఆరు ఎండు కాడల్నీ వరసగా పరిచి లెక్క రాసుకున్నారు. నవ్వుకున్నారు. నవ్వయ్యాక గోల్డీని వేళ్లతో సహా పీకి పెరట్లోనే తగలబెట్టారు. ఇంకో నాలుగు రోజులుంటే తయారయ్యేది. కార్పొరల్ తల దించుకుని, "కింగ్‌స్టన్ నుంచి కాగితమొచ్చాక నేనేం చేసేది జెకీ బాబాయ్?" అన్నాడు. గింజలున్న డబ్బా కూడా మంటలో వేశారు. నాలుగేళ్ల పని పావుగంటలో పోయింది.

నాకు నెల రోజులు వేశారు. మీ మీద కోపం లేదు. క్లారిబెల్ తింటోందని మీరు రాశారు గదా, ఆ ఒక్క ముక్క పట్టుకుని ధైర్యంగా ఉన్నాను. నెల ఎంతలో తిరుగుతుంది! ఆమెకు జరిగిందంతా చెప్పండి, పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

మీ జెకీ

తా.క. నా పక్కవాడు మేకల దొంగ. నీ మీద కేసేంటని అడిగాడు. ఆరుగురు మగవాళ్లను పూడ్చానన్నాను. అప్పట్నుంచి తన రొట్టె కూడా నాకే పెడుతున్నాడు.


కింగ్‌స్టన్,
21 జూన్

జెకీకి హెప్సిబా రాయునది.

క్లారిబెల్ మంగళవారం మధ్యాహ్నం పోయింది.

అది కులాసాగా ఉందని నేను రాసింది అబద్ధం. ఒక్కరోజు కూడా కులాసాగా లేదు. నిన్ను రానివ్వకూడదని రాశాను. నీ మీద కోపంతో దాని నోటికాడ కూడు నేనే తగలబెట్టించాను.

నీ ఆఖరి ఉత్తరం శనివారం అందింది. దాచిన ఉత్తరాలన్నీ తెచ్చి మంచం పక్కన కూచుని చదివాను. లాకప్పుది మాత్రం చదవలేదు. అది నవ్వింది. నువ్వు చెప్పినట్టు పొట్ట పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు గాని, నవ్వింది. "నాకు మొదటిరోజే తెలుసక్కా. నువ్వు కోడి అంటుంటే ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. చెప్పేస్తే అదీ పోతుందని ఊరుకున్నా" అంది. తర్వాత, ఆ వాసన ఒక్కసారి చూడాలనుంది అంది.

చర్చి టోపీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని, మా వీధి చివర ఉండే, ఆ ఆకునే ప్రసాదమనుకునే రాస్తా మతం జడల పెద్దాయన దగ్గరికి పట్టపగలు నడిచి వెళ్లాను. "ఏం కావాలి తల్లీ?" అంటే గొడుగు మూసి మళ్లీ తెరిచాను. ఆయన నా మొహం చూసి, "ఇంట్లో ఎవరికి బాగాలేదు?" అన్నాడు. అరటాకులో చుట్టి ఇచ్చి, ఎలా కాచాలో చెప్పాడు. నా చేత్తోనే కాచి, నా చేత్తోనే తాగించాను. కాసేపటికి, "అక్కా, ఆకలేస్తోంది" అంది. ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఉడకబెట్టిన పసుపు పెండలం సగం దుంప తింది, ఉప్పుచేప నంజుకుని. "జెకీది దీనికంటే నయం" అంది. ఆదివారం తింది, సోమవారం కూడా తింది. అప్పటికే ఆలస్యమైపోయింది జెకీ. మే నెలలో కాచి పోసి ఉంటే ఏమయ్యేదో నేనెవరినీ అడగను.

నిన్ను సమాధికైనా వదలమని మళ్లీ స్టేషనుకు వెళ్లాను. ఈసారి ఇన్‌స్పెక్టరు బయటికి వెళ్లలేదు. ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకునే వీల్లేదన్నాడు. ఆదివారం పాతిపెడుతున్నాం. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

హెప్సిబా

తా.క. ఆఖర్న "జెకీ ఏడీ?" అని అడిగింది. బస్సెక్కాడు, దారిలో ఉన్నాడన్నాను. "కంగారు పడొద్దను. నిదానంగా రమ్మను, నేనెక్కడికీ పోను" అంది.