మడచెట్లకు అడ్డంగా తాడు

పల్లంరాజు అన్నయ్య గారికి,

మీరు సర్పంచి కనుక ఇది మీకే రాస్తున్నాను. ఏటిపాయ ఒడ్డున మేం పెంచిన మడచెట్లు పీల్చుకునే పొగకు లెక్కగట్టి ఫ్యాక్టరీలు డబ్బిస్తాయని, పంచాయతీ తీర్మానం చేస్తే చాలని ఆ బేరం కుదిర్చే కంపెనీవాళ్లు చెప్పారు. ఆ డబ్బుతో కరకట్ట ఎత్తు చేయిద్దామనుకున్నాం. తుఫానొస్తే మన పేటకు అదే దిక్కు.

కానీ నిన్న వాళ్ల మనిషి పాయకు అడ్డంగా తాడు కట్టి, పీతలకు వెళ్తున్న మా అత్తగారిని ఆపేశాడు.

"ఇకమీదట చెట్లలోకి ఎవరూ రాకూడదండి" అన్నాడట.

"నేను నాటిన చెట్ల దగ్గరికి నన్నే రావద్దంటావేంటి బాబూ?" అని అడిగి, ఆవిడ ఖాళీ బుట్టతో తిరిగొచ్చారు. అప్పటినుంచి అన్నం ముట్టలేదు.

రేపటి గ్రామసభలో సంతకం పెట్టేముందు, పీతల వేటకు అడ్డు రాబోమని ఒప్పందంలో వాళ్లచేత రాయించండి. లేకపోతే ఆడవాళ్లం ఎవరం చెయ్యెత్తం. కట్ట సంగతి తలచుకుంటే భయమేస్తోంది, అయినా ఎత్తం.

తాడు ఇందాకే కోసేశాను. ఎవరు కోశారని అడిగితే నా పేరే చెప్పండి.

మీ చెల్లెలు