కొల్లేటి డెక్కలోంచి మంట

మరియా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదిహేడేళ్లు. ఆనాడు నొప్పులతో ఉన్న నిన్ను ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే మన దోనె గుర్రపుడెక్కలో చిక్కుకుపోయింది. ఇప్పుడు ఆ డెక్కనే కోసి ఏలూరు కాలేజీకి ఇస్తున్నాను. అక్కడి మేడమ్ దానిమీద బూజు పెంచి, మెత్తబడ్డాక పులియబెట్టి స్పిరిట్ తీశారు. ఇవాళ నా ముందే వెలిగించారు. నీలంగా మండింది.

"కొల్లేట్లో డెక్కంతా ఇలా అయిపోతుందాండీ?" అన్నాను.

"ఇప్పటికి ఈ చిన్న సీసాడేనండీ," అన్నారావిడ.

నువ్వు వదిలెళ్లిన నాలుగేళ్ల సలోమి ఇప్పుడు కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. నేను కోసిన దారి వారం తిరక్కుండానే మూసుకుపోతోంది. మన లంకలోంచి బయటపడటానికి ఇప్పటికీ మరో దారి లేదు. నీ సంగతీ, సలోమి సంగతీ మొదటిసారి మేడమ్‌కి చెప్పాను.

"రేపే అమ్మాయిని తెచ్చి మా ఇంట్లో దింపండి, కాన్పయ్యేదాకా ఇక్కడే ఉంటుంది," అన్నారు.

తెల్లారగానే సలోమిని దోనెలో కూర్చోబెట్టి, డెక్క కోసుకుంటూ బయలుదేరతాను.