పాలిషింగ్ మిషన్ పక్కిల్లు

వికారాబాద్,
జూన్ 12

ప్రియమైన నాయినకు,

ఫోన్లో నా మాట నీకు అందదు. అమ్మతో చెప్పిస్తే సగం తనే మింగేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

అంకితను మీ దగ్గరి నుంచి తెచ్చుకుని నెలయింది. రెండున్నరేళ్ళొచ్చినా ఒక్క మాటా లేదు. అంగన్‌వాడీ టీచర్ దాని వెనక నిలబడి పళ్ళెం కొట్టి చూసింది. "నీలిమా, పిల్ల మర్లి చూస్తలేదు. జర డాక్టర్‌కు చూపియ్యి" అంది. చూపించాం. పుట్టుకతోనే రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువట. వినని పిల్లకు మాట ఎక్కడి నుంచి వస్తుంది? చెవులకు మిషన్లు పెట్టి వెంటనే నేర్పించాలన్నారు. మాట పట్టుకునే వయసు కరిగిపోతోందట, ఇప్పటికే ఆలస్యమైందట.

నా డ్యూటీల వల్ల ఏడాదిన్నర మీ దగ్గరే పెరిగింది. కోపంతో కాదు, ఊరికే అడుగుతున్నాను. నీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?

నీ బిడ్డ
నీలిమ


తాండూరు,
జూన్ 20

ప్రియమైన బిడ్డ నీలిమకు దీవెనలు.

ఆ డాక్టర్‌కు ఏం తెలుసు? అంకితకు మా ఇంట్లో అన్నీ అర్థమయ్యేవి. మన గోడ పక్కనే బండల పాలిషింగ్ మిషన్. పొద్దంతా ఆ మోతలో ఎవరు నోరు తెరుస్తారు? అక్కడ ముప్పై ఏళ్ళు పనిచేసే కదా నా చెవులు పోయాయి. పనిలో అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం, ఇంట్లోనూ అదే అలవాటైంది. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్ళు. అరచెయ్యి తిప్పితే లేదని. నేల మీద కాలితో తడితే ఇటు చూడమని. ఆ పిల్ల చూస్తుండగానే అన్నీ పట్టేసింది. అన్నం కావాలంటే నా చొక్కా లాగి మరీ అడిగేది.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. "నేను మంచిగ చూసుకోలేదు. పిల్ల బతుకు ఆగం చేసిన" అని ఒకటే ఏడుపు.

అంకితను ఇక్కడికే పంపించు. దానికి ఏ లోటూ లేదు.

మీ నాయిన
మొగులప్ప


వికారాబాద్,
జూలై 30

ప్రియమైన నాయినకు,

కోపం లేదని రాశాను గానీ, ఉంది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు.

నిన్న, మాటలు నేర్పే అరుణాదేవి మేడమ్ ముందు అంకిత బొటనవేలు పెదవికి ఆనించింది. నేను నీళ్ళిచ్చాను. "గిది ఎవరు నేర్పిన్రు?" అందామె. నీ సంగతి చెప్పాను. "అడిగితే అవతలి మనిషికి అర్థమైతదని ఈ పిల్లకు ఎరుకే. నా దగ్గరికొచ్చే శానామందికి అదే తెల్వది. ఈ సైగలు మాన్పియ్యకుండ్రి. సైగతో పాటు మాట కూడా చెప్పుండ్రి" అంది. ఇంటికొచ్చి ఏడ్చాను నాయినా. నిన్ను మనసులో ఎన్ని మాటలన్నానో.

కానీ అంకిత చెవులకు మిషన్లు ఉంచుకోవడం లేదు. పీకేసి బియ్యం డబ్బాలో పడేస్తోంది. గోడ మీది నీ ఫొటో చూపించి, చెవి ముట్టుకుని, అరచెయ్యి తిప్పుతోంది. తాతకు లేదుగా అని. చెవుల క్యాంపులో నీకిచ్చిన మిషన్ మూడేళ్ళుగా బీరువాలోనే ఉందని అమ్మ చెప్పింది. ఇంతకంటే ఏం రాయను?

నీ బిడ్డ
నీలిమ


తాండూరు,
సెప్టెంబర్ 3

ప్రియమైన బిడ్డకు,

నాలుగు ఆదివారాలుగా చెవికి మిషన్ పెట్టుకుని రైలెక్కి వస్తున్నాను. నన్ను చూసి అంకిత కూడా పెట్టుకుంటోందని నువ్వు సంతోషపడుతుంటే ముఖాముఖి చెప్పలేకపోయాను. నీ మొదటి ఉత్తరంలో అడిగినదానికి నేను జవాబివ్వలేదు.

నాకు తెలుసు. దానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు, వాకిట్లో ఆడుకుంటుంటే వెనక నుంచి బండల లారీ వచ్చింది. నాకే వినబడేంత గట్టిగా హారన్ కొట్టాడు. పిల్ల కదలలేదు. పరిగెత్తి ఎత్తుకున్నాను. ఆ రోజే తెలిసింది. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో నవ్వులు నాకు అందవు బిడ్డా. అందరూ మాట్లాడుకుని, చివరికి నాకో ముక్క చెబుతారు. ఆ పిల్ల ఒక్కతే అంతా నాకే చెప్పేది. దానికి మాటలొస్తే అదీ మీ వైపు వెళ్ళిపోతుందని భయపడ్డాను. దాని ఏడాది నేను తినేశాను.

మొన్న ఆదివారం ఇద్దరం మీ మెట్ల మీద కూర్చున్నాం. అంకిత బొటనవేలు పెదవికి ఆనించింది. మేడమ్ చెప్పినట్టు "నీళ్ళు" అని ఆగాను. అది నా నోటి వంక చాలాసేపు చూసి, "నీ" అంది. నువ్వు వంటింట్లో ఉన్నావు. ఇంట్లో ఒక మాట అందరికంటే ముందు నేను విని ఎన్నేళ్ళయిందో.

వచ్చే ఆదివారం రావాలో వద్దో నువ్వే రాయి.

నాయిన


వికారాబాద్,
సెప్టెంబర్ 9

నాయినా,

నీ ఉత్తరం చదివి నీ ఫొటోను గోడ వైపు తిప్పేశాను. అంకిత స్టూలెక్కి మళ్ళీ సరిచేసింది. ఫొటో చూపించి చెవి ముట్టుకుంది. ఈసారి అరచెయ్యి తిప్పలేదు.

మాఫ్ చేశానని రాయలేను. ఇంకా చేయలేదు. కానీ దానికి నువ్వు కావాలి. ముందు అమ్మకు నిజం చెప్పు. తప్పు తనదేనని ఇంకా ఏడుస్తోంది. చెప్పాక ఇద్దరూ కలిసి ఆదివారం రైలుకు రండి. మిషన్‌లో పాత బ్యాటరీ తీసి కొత్తది వేసుకో. ఇప్పుడు అంకిత "నీళ్ళు" పూర్తిగా అంటోంది.

నీ బిడ్డ
నీలిమ