పక్కపక్కన నడిచే వ్రతం

మే 9, కోరుట్ల

పెళ్లై ఇరవై ఆరేళ్లు. మా ఆయన వీపును నేను చూసినంతగా లోకంలో ఇంకెవరూ చూసి ఉండరు.

వేములవాడ గుడికి పోయినా, అంగడికి పోయినా, చావుకు పోయినా అంతే. శ్యాంసుందర్ రావు గారు ముందు, జానకి పది గజాల వెనక. ఒకసారి జగిత్యాలలో ఒకామె పలకరించి, "ఒక్కదానివే వచ్చినవా అక్కా?" అంది. ముందు పోతున్న ఆయన్ని చూపించాల్సి వచ్చింది.

ఈసారి పెళ్లిరోజుకు మా బిడ్డ హర్షిత హైదరాబాద్ నుంచే అన్నీ బుక్ చేసింది, నాకు మెత్తటి బూట్లు కూడా కొని పంపింది. వెనిస్! నీళ్ల మీద ఊరు! "మమ్మీ, డాడీ చెయ్యి పట్టుకొని ఒక్క ఫోటో దిగు, చాలు" అంది.

ఫోటో ఏంటి బిడ్డా, నడిచే చూపిస్తాను. ఇదిగో, రాసి పెడుతున్నాను. వెనిస్‌లో ఉన్నన్ని రోజులు ఆయన పక్కనే నడుస్తాను. వెనక కాదు, పక్కన! ముందుగా ఆయనకు చెప్పను. చెబితే ఇంకా వేగం పెంచుతాడు.

సిరిసిల్లలో ఉన్న మా చెల్లె శ్రీవాణికి ఫోన్ చేసి చెప్పాను. పడీ పడీ నవ్వింది. "అక్కా, బావను నీళ్ల మీద నడువుమను, నడుస్తడు. నీ పక్కకు నడువుమంటె నడువడు."

చూద్దాం!

మే 11, విమానాశ్రయం

ఆయన అప్పుడే గేటు దగ్గర కూర్చున్నాడు. నేను ఇంకా తనిఖీ బెల్టు దగ్గర గాజులు ఏరుకుంటున్నాను.

ఎయిర్‌పోర్టు లెక్కలోకి రాదు. వ్రతం వెనిస్‌లో.

మే 12, వెనిస్!!

వచ్చేశాం. అబ్బబ్బ, ఏం ఊరు! ఆటో లేదు, కారు లేదు, హారన్ లేదు. గడప దాటితే నీళ్లే. ఇళ్ల మెట్లు నేరుగా కాలువలోకి దిగుతున్నాయి. బండ్లే లేని ఊళ్లో మనిషికి తొందర ఎక్కడి నుంచి వస్తుంది? వ్రతం గెలిచినట్టే!

గెలిచాను కూడా. రెండు సూట్‌కేసులూ ఆయనే లాగుతున్నాడు. అడుగడుక్కీ వంతెన, వంతెనకు మెట్లు. మొదటి వంతెనకే ఆయాసం. పాపం అనిపించింది కానీ ఆయన పక్కనే దర్జాగా నడిచాను. హోటల్ దాకా పక్కపక్కనే!

శ్రీవాణికి మెసేజ్ పెట్టాను. "సామాన్లు మోస్తున్నడు కాబట్టి. రేపు సూడు" అని జవాబు. కుళ్లు.

మే 13, పొద్దున

సూట్‌కేసులు గదిలో ఉండిపోయాయి. ఆయన విల్లు నుంచి వదిలిన బాణమైపోయాడు.

పైగా ఈ సందులు! ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఎదురుగా ఎవరైనా వస్తే గోడకు అతుక్కోవాలి. ఊరు కట్టినవాడు కూడా మా ఆయనలాంటివాడే అయ్యుంటాడు.

"జల్ది రా జానకీ, బోటు పోతది!"

"పోతె ఇంకోటొస్తది. గిది వేములవాడ బస్టాండ్ కాదు."

"వేములవాడల గూడ ఇంకోటొస్తది. సీటే దొరకది."

ఏం చెప్పాలి ఈ మనిషికి!

కొత్త నిబంధన: సందులు లెక్కలోకి రావు. వంతెనలే లెక్క.

మధ్యాహ్నం

వంతెన ఎక్కడమే లెక్క. దిగడం లెక్కలోకి రాదు.

సాయంత్రం

పావురాలున్న పెద్ద మైదానం. వంద మంది వరుసగా నడవొచ్చు. సాకులేమీ లేవు. అక్కడ కూడా ముందే! ఒకటి మాత్రం చూశాను. రోజంతా మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్ను చూసి కసురుకుంటున్నాడు. "వస్తున్నవా? వస్తున్నవా?" ఇంటి దగ్గర ఇలా ఎప్పుడూ చేయలేదు. పరాయి దేశంలో పరువు తీస్తున్నాడు.

ఐస్‌క్రీం కొనుక్కోవడానికి ఆగినప్పుడు పక్కపక్కనే నిలబడ్డాం. నిలబడడం కూడా నడకలో భాగమే కదా?

మే 14, పెళ్లిరోజు, పొద్దున

రాత్రంతా ఆలోచించాను. ఈ మనిషి నా పక్కన నడిచింది ఒకే ఒక్క రోజు, పెళ్లినాడు. ఎందుకు నడిచాడు? పంతులు కొంగుముడి వేశాడు కాబట్టి! ముడి ఉంటే ఎక్కడికి పోతాడు?

శ్రీవాణి పెట్టిన సిరిసిల్ల చీర కట్టుకున్నాను. ఆయన భుజాన బ్యాగు ఉంది. బ్యాగు పట్టీకి నా కొంగు చివర మెల్లగా ముడివేశాను. ఆయనకు తెలియనే తెలియదు. జయం!

అదే రోజు, రాత్రి

జయం కాదు, నా మొహం.

ముడి వేస్తే ఆయన ఆగలేదు. నేనే ఉరికాను! రెండు వంతెనల దూరం సంతకు తోలుకుపోతున్న మేకలా వెంట పరుగెత్తాను. జనం ఫోటోలు తీసుకున్నారు.

తర్వాత నీళ్ల బస్సు రేవు. పడవ ఇంకా సరిగ్గా ఆగనే లేదు. ఆయన జేబులోంచి దస్తీ తీశాడు. అప్పుడే నాకు సంగతి అర్థమైంది. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపినట్టు ఇక్కడా ఆపాలని ఒక్క దూకు దూకాడు! కొంగు బిర్రుగా లాగింది. "అయ్యో, ఆగుండ్రి!" అని అరిచాను. తాడుతో పడవను రేవుకు కట్టే పిల్ల పరుగున వచ్చింది. వాళ్ల భాషలో ఏదో తిట్టి, ఒక్క లాగుతో ముడి ఊడదీసి, నన్ను వెనక్కి నెట్టి, కడ్డీ వేసేసింది.

పడవ కదిలింది. ఆయన పడవలో. నేను రేవులో. నా ఫోన్ ఆయన బ్యాగులో.

భయమేసింది. నిజంగా భయమేసింది. హోటల్ పేరు గుర్తు లేదు, వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. ఈ మనిషి దస్తీ వేసిన సీట్లో కూర్చుని, నేను పక్కన లేనని చూసుకుంటాడా? ఇన్నేళ్లూ చూడనివాడు ఇప్పుడు చూస్తాడా? కళ్లనీళ్లు తిరిగాయి.

చాలాసేపటికి ఎదురు దిక్కు నుంచి ఇంకో పడవ వచ్చింది. దాని అంచున, కడ్డీ పట్టుకుని, రేవు చేరకముందే "జానకీ! జానకీ!" అని ఊరంతా వినేలా అరుస్తూ ఆయన. మొహంలో నెత్తురు చుక్క లేదు. దస్తీ కూడా లేదు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఇరవై ఆరేండ్ల సంది ఊర్లె ఒక్కసారన్న ఎన్కకు తిరిగి సూసిండ్రా మీరు?"

"ఎందుకు సూడాలె?" అన్నాడు, రొప్పుతూ. "ఇంటికాడ నీ చెప్పుల సప్పుడు ఇనవడ్తది గద. టప్పు టప్పు మనుకుంట ఎనుకనే అస్తవు. సప్పుడు దూరమైతె నేను మెల్లగ నడుస్త. గీ బిడ్డ కొనిచ్చిన బూట్లు సప్పుడే చేస్తలెవ్వు. మూడు దినాల సంది నా పానం పానంల లేదు."

ఇన్నేళ్లు నేను వీపు చూశాను. ఆయన నా చెప్పులు విన్నాడట! రేవులోనే కూర్చుని ఏడ్చేశాను. ఆయన పక్కనే నిలబడి, "లే, జనం సూస్తున్నరు" అన్నాడు. ఎప్పటి మాటే. కానీ చెయ్యి పట్టుకుని లేపాడు.

సాయంత్రం నల్లటి సన్న పడవ ఎక్కి పక్కపక్కన కూర్చున్నాం. దిగగానే ఆయన మళ్లీ ముందుకు పోయాడు.

ఈసారి నేను బూట్లు రాళ్ల మీద దబదబా కొడుతూ వెనకే నడిచాను. ఆయన నడక మెల్లబడింది.

మే 15

ఆఖరి రోజు. అన్ని సందులూ, అన్ని వంతెనలూ ఆయన వెనకే. దబదబ, దబదబ. కిటికీలు తెరిచి మరీ చూశారు. వ్రతం కాలువలో కలిసింది.

శ్రీవాణికి "ఓడిపోయిన" అని పెట్టాను. "చెప్పిన గద" అంది. ఓడినందుకు బాధగా లేదని మాత్రం దానికి చెప్పలేదు.

మే 18, కోరుట్ల

సాయంత్రం కూరగాయలకు బయలుదేరాం. ఆయన ముందు, నేను వెనక. టప్పు టప్పు.

సగం దూరం పోయాక నాకో బుద్ధి పుట్టింది. చెప్పులు విడిచి చేత పట్టుకున్నాను. ఎండాకాలం రోడ్డు, పొద్దు గూకినా పెనంలా ఉంది. పళ్లు బిగబట్టి నడిచాను.

నాలుగడుగులు. ఆయన ఆగాడు! చప్పున వెనక్కి తిరిగాడు. కోరుట్ల రోడ్డు మీద ఆయన మొహం చూడడం నాకు ఇదే మొదటిసారి.

"ఏమైందే? చెప్పు తెగిందా?"

"లేదు. ఊకనె ఇడిసిన."

నా దాకా నడిచి వచ్చాడు. నా చేతిలో చెప్పులు చూశాడు, నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, నా పక్కనే నడిచాడు. కొత్త బస్టాండ్ దాకా! అక్కడ ఎవరో "రావు సాబ్!" అని పిలవగానే మళ్లీ బాణం.

ఫరవాలేదు. రేపటి నుంచి వ్రతం మళ్లీ మొదలు. కాకపోతే పొద్దున్నే బయలుదేరాలి. కాళ్లు కాలుతున్నాయి.