అమ్మ పిలిస్తే ప్రార్థన అనుకున్నాడంట

నంద్యాల, బుధవారం

పోయిన నెల దాకా మా ఇంట్లో పొద్దున ఇట్లుండేది. ఆరింటికి నేను బైబిలు తెరిచి కూర్చుంటే, పక్కగదిలో తమ్ముడు సుధాకర్ స్పీకర్లలో తుపాకులు పేలేవి. నలభై దాటినా వానికి కంప్యూటర్ ఆటే. చదివిన కీర్తనే మళ్లీ చదువుకునేదాన్ని. ఓర్చుకోలేక నేనే పోయి హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చి వాని చేతిలో పెట్టినా.

ఈ పొద్దున నేను పాలకు పోయినప్పుడు అమ్మ బాత్‌రూంలో జారిపడింది. "ప్రభువా, ప్రభువా" అని అరిచిందంట. వాడు ఒక చెవి మీది హెడ్‌ఫోన్ ఎత్తి, విని, మళ్లీ పెట్టుకున్నాడు. నేనొచ్చేదాకా అమ్మ తడినేల మీదనే ఉండాది.

"ప్రార్థన చేస్తాందనుకుంటినక్కా" అన్నాడు.

అమ్మను లేపి, ఆసుపత్రికి తీసుకుపోయి చేతికి కట్టు కట్టించుకొచ్చినా. వాన్ని అనడం మొదలుపెడితే ఆగనని తెలుసు. మధ్యాహ్నం మోకరించినా ఒక్క మాట రాలేదు. ఇంట్లో సద్దు ఉండకూడదన్నది కూడా నేనే కదా, ఆ కోపం ఎవరి మీద చూపించాల?

సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు సునీత వచ్చింది.

"ఈసారి నన్ను పేరు పెట్టి పిలువుమ్మా" అన్నాడు వాడు అమ్మతో.

అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "పడేటప్పుడు నీ పేరు యాడ గుర్తుకొస్తాదిరా" అనింది. సునీత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి అందరం ఒప్పుకున్నది ఇది. హెడ్‌ఫోన్లు సునీత ఆళ్లగడ్డకు తీసుకుపోతుంది. వాడు స్పీకర్లే, అదీ సౌండు తగ్గించి పెట్టుకోవాల. ఇంట్లో ఎవరు "ప్రభువా" అన్నా, అది నా ప్రార్థనే అయినా సరే, ఆట ఆపి లేచొచ్చి చూసిపోవాల.