సిక్స్ తెరుచుకున్న సాయంత్రం

జూన్ 11, 2024

బందరు బస్టాండులో ఉదయం ఆరింటికి నిలబడి ఉంటానన్నాడు. 1985 మార్చి. మర్నాడు హైదరాబాద్‌లో అమెచ్యూర్ రేడియో లైసెన్సు పరీక్ష. ఇద్దరం హాక్సా బ్లేడు విరిచి చేసుకున్న మోర్స్ కీ, నా పరీక్ష కాగితాలు, అన్నీ అతని సంచిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. జ్వరమొచ్చిందేమో పాపం అనుకుని ఇంటికి తిరిగొచ్చాను. అతను ఐదింటి బస్సుకే వెళ్లిపోయాడు. పాసయ్యాడు కూడా.

అతని పేరు ఈ డైరీలో రాయను. బందరువాడు అంటే చాలు.

నాకు లైసెన్సు రావడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. అదీ ఎమిరేట్స్‌లో, రాస్ అల్ ఖైమాలో, సిమెంటు ఫ్యాక్టరీలో మెకానిక్‌గా రిటైరై, నర్సు భార్య వీసా మీద బతకడం మొదలయ్యాక.

జూన్ 13, మధ్యాహ్నం

ట్వంటీ మీటర్లు. ఫిఫ్టీన్. టెన్. సిక్స్. మళ్లీ ట్వంటీ. ఏ రేడియో బ్యాండు మీదా ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేను. రిమోట్ దొరికిన పసివాడిలా ఉన్నారు అంటూ నా భార్య దయారాణి డ్యూటీకి వెళ్లింది.

నేను వాడే ఈ డిజిటల్ పద్ధతిలో గొంతు ఉండదు. కంప్యూటర్లే మాట్లాడుకుంటాయి, పదిహేను సెకన్లు ఒకటి, పదిహేను సెకన్లు ఇంకొకటి. నేనెవరు, ఎక్కడున్నాను, నీ సిగ్నల్ ఎంత, నా సిగ్నల్ ఎంత. ఆఖరున ఒకరు 'అందింది' అనాలి. ఆ ఒక్క మాట రాకపోతే అప్పటిదాకా జరిగిందంతా ఉత్తదే, లాగ్‌లో రాసుకోకూడదు.

ఇది రేడియోనే కాదని ఈసడించే పెద్దమనుషులున్నారు. నాకు ఇదే హాయి. ఎవరి గొంతూ వినక్కర్లేదు.

జూన్ 14

టెన్ మీద బందరువాడు మళ్లీ నన్ను పిలిచాడు. మూడేళ్లుగా పిలుస్తూనే ఉన్నాడు. జవాబివ్వలేదు.

జూన్ 17

అతని వెబ్ పేజీ చదివాను. సిక్స్ మీటర్ల మీద ఎమిరేట్స్ స్టేషన్ ఒక్కటీ ఇంతవరకు తన లాగ్‌లో చేరలేదట, ఎవరైనా దయ చూపాలట. సిక్స్ ఎండాకాలంలో ఎప్పుడో దూరదేశాలకి తెరుచుకుంటుంది, నిమిషాల్లో మూసుకుంటుంది. ఇక్కడ దాని మీద ఓపిగ్గా కూర్చునేది ఏ కొద్దిమందో.

అంటే అతనికి కావలసింది నా దగ్గరుంది. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత, నా సంచిలో.

జూన్ 19

వాచ్‌మన్ అజ్మతుల్లా వచ్చాడు. కడపవాడు. టెర్రస్ మీద కొత్త ఏసీ మిషన్లు పెడతారంట, ముప్పైకల్లా యాంటెన్నా తీసేయమని ముదీర్, అదే బిల్డింగ్ మేనేజరు, చెప్పినాడంట. సార్, నన్ను తిట్టొద్దు, నేను ఉత్త తాళంచేతులోణ్ణి అన్నాడు. తిట్టాను. ఆ ఇనప కొమ్మలతో ఇన్నాళ్లూ ఎవురితో మాట్లాడినారు సార్ అని అడిగాడు. ఎవరితోనూ కాదన్నాను. అట్లయితే ఖలాస్, పీకేద్దాం అన్నాడు.

జూన్ 22, సాయంత్రం 5.40

సిక్స్ తెరుచుకుంది. ఏడు నిమిషాలు.

నేను ఊరికే పిలుపు పెట్టాను. మూడో పిలుపుకి అతను పలికాడు. ఈసారి జవాబు వెళ్లనిచ్చాను. నీ సిగ్నల్ మైనస్ పదిహేడు. వెంటనే తిరుగు జవాబు, నీది మైనస్ పద్నాలుగు. ఇక 'అందింది' అనాలి. మెషీన్ తనంతట తానే అనబోయింది. హాల్ట్ బటన్ నొక్కాను.

అతను మళ్లీ పంపాడు. మళ్లీ. మళ్లీ. తొమ్మిదిసార్లు. సిగ్నల్ సన్నగిల్లుతూ మైనస్ పంతొమ్మిది, మైనస్ ఇరవై రెండు. ఆ తర్వాత తెర మీద ఏమీ లేదు.

నిలబడ్డావా బస్టాండులో?

జూన్ 23

పగల మీద చాలా పుస్తకాలు చదివాను. పగ తీరిన మర్నాడు అన్నం ఎందుకు సయించదో ఒక్కడూ రాయలేదు. చేపల పులుసు అలాగే వదిలేశాను. ఉప్పు ఎక్కువైందా అంది దయారాణి. జరిగింది చెప్పాను. పులుసు గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మానేయండి, బాగోదు అంది.

జూన్ 26

బందరువాడి నుంచి మెయిల్. ఒరేయ్ జ్ఞానం అని మొదలుపెట్టాడు. సిగ్గులేదు.

నా చివరి మాట అందలేదట. తప్పు తన యాంటెన్నాదేనట, పాతబడిందట. చెవులు రెండూ పోయాయట, మోర్స్ వినపడదు, ఈ డిజిటల్ ఒక్కటే మిగిలిందట. 'అందింది' రాలేదు కాబట్టి లాగ్‌లో రాసుకోలేదట.

ఇంకా రాశాడు. ఆ రోజు సంచిలో నీ కాగితాలున్నాయని తెలిసే ఐదింటి బస్సెక్కానురా, కీ మీద నీ చెయ్యి నాకంటే వేగం, ఓర్వలేకపోయాను అని. ఇకమీదట రోజూ మీ టైము ఐదింటికి సిక్స్ మీద ఉంటాను, ఈసారి నిలబడతాను అని.

నాలుగుసార్లు చదివాను. మూడేళ్లు పిలిచేబదులు ఈ ముక్క ముందే రాయొచ్చు కదా.

జూన్ 27

నాలుగున్నరకే కూర్చున్నాను. సిక్స్ చచ్చిపోయినట్టుంది.

జూన్ 28

లేదు.

జూన్ 29

లేదు. ట్వంటీకి గానీ టెన్‌కి గానీ మారలేదు. వింత ఏమిటంటే, నేను ఒక్క బ్యాండు మీదే మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను.

జూన్ 30

అజ్మతుల్లా, ఇద్దరు కుర్రాళ్లు యల్లా యల్లా అంటూ యాంటెన్నా దింపారు. ఎక్కడ పెట్టమంటారు సార్ అన్నాడు. నీ నెత్తిన పెట్టుకో అన్నాను. నవ్వాడు. ఆయనకి మెయిల్ రాసెయ్యండి, పాపం ఎదురుచూస్తాడు అంటుంది దయారాణి. ఏమని రాయను? హాల్ట్ నొక్కింది నేనేనని రాయాలి కదా. రాయలేదు.

జూలై 2, సాయంత్రం 5.05

సిక్స్‌కి మూడు మీటర్ల తీగ చాలు. బాల్కనీలో బట్టలారేసే దండేనికి కట్టాను. యూనిఫారాలు ఇటు జరిపి, దుప్పటి అటు జరిపి. నలభై నాలుగు డిగ్రీలు. దయారాణి తలుపు సందులోంచి మంచినీళ్లు అందించి, ఈ వయసులో ఈ ఎండలో మిమ్మల్ని ఎవరు నిలబెట్టారండీ అంది.

బందరువాడే. అప్పాజీ.