డబ్బా మూలన గింజ

తొయామా,
అక్టోబరు మొదటివారం

ముల్లంగి గారికి,

ఇక్కడ వరికోతలు అయిపోయాయి. పొద్దున్నే గాలి చల్లగా తగులుతోంది. రోజూ ఫోనులో పలకరించుకునే మనిషికి కాగితం మీద రాయడం వింతగానే ఉంది. పార్సిళ్ళ మీద మీ అసలు పేరు, తనిమొతో సుమియె అని, ఇన్నేళ్ళుగా చూస్తున్నాను గాని ఆ పేరుతో పిలవడానికి నోరు రాదు. మధ్యాహ్నం అన్నం డబ్బాల ఫొటోలు పెట్టుకునే మన ఫోను సంఘంలో మీరు నాకు ముల్లంగి గారే, నేను మీకు తామరదుంపనే. ఇప్పటిదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అయినా ఈ ఊళ్ళో నా వాళ్ళనుకునే వాళ్ళకంటే మీకే నా వంటిల్లు బాగా తెలుసు.

మీరు పంపిన ఎర్రటి ఉమె కాయల ఊరగాయ అందింది. ఆ సీసాని ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి. మూతకి మీరంటించిన చీటీలో "ఇచికాకి పులుపు ఇష్టం కదా, బాగా పుల్లని కాయలే ఏరి పెట్టాను" అని రాశారు. అది చదివాక ఆ సీసాని నా వంటింట్లో ఉంచుకోలేకపోయాను. మా అమ్మాయి ఇచికా బడికి వెళ్ళడం లేదు. వానలు మొదలైనప్పటినుంచీ వెళ్ళడం లేదు.

హైస్కూల్లో చేరినప్పుడు ఎంత సంబరపడిందో మీకు తెలుసు. బడికి కొత్త అన్నం డబ్బా ఏ రంగు కొనాలో తేల్చింది సంఘంలో మీరు ముగ్గురే. మే నెలలో తరగతి ఆడపిల్లలంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని దీన్నొక్కదాన్నీ వదిలేశారు. ఏం తప్పు చేసిందో దానికీ తెలియదు. మధ్యాహ్నం బల్లలు దగ్గరికి జరుపుకుని తింటారు కదా, దాని బల్ల దగ్గరికి ఎవరూ జరగలేదట. కిటికీ వైపు తిరిగి కూర్చుని తినేదట. ఇవన్నీ నాకు చెప్పలేదు. ఖాళీ డబ్బా తెచ్చి సింకులో పెట్టేది, నేను ఫొటో తీసి మురిసిపోయేదాన్ని. ఒకరోజు బడికని బయల్దేరి, రైలెక్కకుండా ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయింది. స్టేషనువాళ్ళు ఫోను చేస్తే నేను పనిచేసే లాండ్రీ దుకాణం నుంచి పరిగెత్తాను. ఇంటికి తీసుకొచ్చాను. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. స్నానానికీ నీళ్ళకీ తప్ప బయటికి రావడం లేదు. రాత్రిపూట గుమ్మంలో పెట్టిన అన్నం మాత్రం నాలుగు మెతుకులు తింటోంది.

ఆ మర్నాడు చేతులు అలవాటు కొద్దీ డబ్బా సర్దేశాయి. ఫొటో కూడా తీసి మన సంఘంలో పెట్టేశాను. పెట్టాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. పొద్దున నిండు డబ్బా, సాయంత్రం ఖాళీ డబ్బా, అదీ మన నియమం. దుకాణం వెనక కారులో కూర్చుని ఆ చిన్న డబ్బాలో అన్నమంతా నేనే తిని, ఖాళీ డబ్బా ఫొటో తీసి "ఇవాళా మెతుకు మిగల్చలేదు" అని రాశాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కోసమేనేమో, మర్నాడూ అదే పని చేశాను. వేసవి సెలవుల్లోనైనా ఆపాల్సింది. క్లబ్బు ప్రాక్టీసుందని ఇంకో అబద్ధం కల్పించాను.

మన నలుగురిలో ఎవరి కష్టం దాచుకున్నాం చెప్పండి. నువ్వులు గారు నర్సు పరీక్ష తప్పిన రోజున ఆవిడ డబ్బాలో చిలగడదుంప ఒక్కటే ఉంది, మనం దాన్ని చూసి ఎంత నవ్వించామో ఆవిణ్ణి. ఉల్లికాడ గారి భార్య సంవత్సరీకం నాడు ఆయన తెల్లన్నం మీద ఆక్టోపస్‌లా కోసిన సాసేజ్ ముక్కొకటి పెట్టి "ఇవాళ ఏమీ రాయలేను" అన్నారు. మర్నాడు మనం ముగ్గురం ఒకరికొకరు చెప్పుకోకుండానే మన డబ్బాల్లో ఆక్టోపస్‌లు పెట్టాం. అప్పటినుంచి మాట పెగలని కష్టం ఎవరికొచ్చినా మిగతావాళ్ళు ఆక్టోపస్ పెట్టడం ఆనవాయితీ అయింది. మీవారి ఆపరేషనప్పుడు మీకూ పెట్టాం.

ఒక్క మాట రాస్తే నాకూ ఆ ఆక్టోపస్‌లు వచ్చేవి. రాయలేకపోయాను. నా కూతుర్ని ఒక గ్రూపు బయటికి నెట్టేసింది, అది పక్కగదిలో ఫోను మోగితే వణికిపోతోంది, నేనేమో వంటింట్లో కూర్చుని నా గ్రూపువాళ్ళ చేత మెచ్చుకోలు పొందుతున్నాను. దానికి దక్కనిది నేనెలా అనుభవించను?

ఇంకో మాట కూడా ఉంది, నిష్ఠూరమనుకోకండి. జులై నుంచి మీరెవరూ ఇచికా గురించి అడగలేదు. అంతకుముందు "క్యారెట్ తిందా, స్నేహితులెవరైనా అయ్యారా" అని వేధించేవారు. ఇప్పుడు రంగు బాగుంది, కోత బాగుంది, అంతే. మీకు కావలసింది డబ్బా గాని పిల్ల కాదనిపించింది. అబద్ధం చెప్పేదాన్నీ నేనే, అడగలేదని ఏడ్చేదాన్నీ నేనే. మీ ఫొటోలు కూడా సరిగ్గా చూడటం మానేశాను. నిజంగా ఎవరో తిన్న ఖాళీ డబ్బాల్ని చూడలేక, వేలితో పైకి తోసేస్తూ గుండె గుర్తు నొక్కేస్తున్నాను.

ఈ ఆదివారం సంఘంలోంచి తప్పుకుంటాను. డబ్బా కట్టడం కూడా మానేస్తాను, తినేవాళ్ళు లేని డబ్బా ఎవరి కోసం. మిగతా ఇద్దరికీ ఏదో ఒకటి మీరే చెప్పండి. ఊరగాయ మాత్రం ఎవరైనా పులుపు తినే పిల్లకివ్వండి.

ఇట్లు,
మొరికావా చిసాతో

~

వకాయామా,
శనివారం

తామరదుంపా,

ఇవాళ్టి నుంచి 'గారు' తీసేశాను. నా ఊరగాయ తిప్పి పంపిన మనిషికి గారు ఏమిటి? నీకన్నా పదిహేనేళ్ళు పెద్దదాన్ని, నువ్వనే పిలుస్తాను. అభ్యంతరముంటే మనసులో పెట్టుకో.

నీ పిల్ల బడికి వెళ్ళడం లేదని నాకు జూన్ నెలలోనే తెలుసు.

ఎలాగంటావా? నీ డబ్బా చెప్పింది. అంతకుముందు నీ ఫొటోలో అన్నం చల్లారి, మెతుకు మెతుకు విడివిడిగా ఉండేది. అన్నం మధ్యలో నా ఊరగాయ ఎర్రగా కూర్చునేది. ఆ వారం నుంచి అన్నం మీద పొగ కనిపించింది. పక్కనే పచ్చి దోసకాయ ముక్కలు, బంగాళాదుంప సలాడ్. ఉమె లేదు. వానల్లో ఏ తల్లీ మధ్యాహ్నం తినే పిల్లకి వేడన్నం మూతేసి కట్టదు, పాచిపోతుంది. అన్నం పాడవకుండా కాపాడే ఉమె కాయ పెట్టకుండా అసలే కట్టదు. ఆ డబ్బా కట్టినావిడే, కాసేపట్లో, తనకి నచ్చినవి పెట్టుకుని తింటోందన్నమాట. నీకు ఉమె పులుపు పడదని నువ్వే ఒకసారి చెప్పావు.

ముందు నేనొక్కదాన్నే చూశాననుకున్నాను. ఒకరోజు ఉల్లికాడ నాకు విడిగా రాశాడు. "తామరదుంప గారి ఖాళీ డబ్బాలో మూలన గింజ ఉండటం లేదండీ, గమనించారా?" అని. నిజమే. ఇచికా తిన్న డబ్బాలో ఎప్పుడూ ఒక మూలన ఉమె గింజ ఉండేది. నీ డబ్బాలు కడిగినంత శుభ్రంగా ఉంటున్నాయి. ఇద్దరం కలిసి నువ్వులుకి ఫోను చేశాం. నేను వెంటనే నిన్ను అడిగేద్దామన్నాను, నా సంగతి నీకు తెలుసుగా. నువ్వులు ఒప్పుకోలేదు. "అడిగితే ఆవిడ ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ఉన్నవే మోయలేకపోతోంది. ఆవిడ చెప్పేదాకా ఆగుదాం" అంది. అందుకే పిల్ల ఊసు ఎత్తడం మానేశాం. క్యారెట్ తిందా అని అడగలేక కోత బాగుందని రాసేదాన్ని. అలా రాసిన ప్రతిసారీ నాకెలా ఉండేదో నీకు తెలియదు.

అడగడం మానేసిన రోజు నుంచీ ఏం పెట్టామో వెళ్ళి చూడు. నువ్వు మా ఫొటోలు చూడటం లేదని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. చూసి కూడా మాట్లాడటం లేదనుకున్నాను.

మా ఆయన పనిచేసే నారింజల మండీలో మగాళ్ళంతా కలిసి తింటారు. అరవై దాటిన మనిషి రోజూ ఆక్టోపస్ సాసేజ్ తింటుంటే ఏడిపించరూ? "ఇవాళ ఎన్ని కాళ్ళు, తాతా?" అని అడుగుతున్నారట. మొన్న ఇంటికొచ్చి, "ఏమేవ్, ఇంకెన్నాళ్ళు ఈ ఆక్టోపస్?" అన్నారు. "ఆ అమ్మాయి నోరు విప్పేదాకా" అన్నాను. మర్నాడు డబ్బాలో సాసేజ్ పెట్టడం నేను మరిచిపోతే, ఆయనే ఫ్రిజ్ తెరిచి తీసిచ్చారు.

మేం చేసింది తప్పేమో. తెలిసీ ఊరుకున్నాం. నువ్వు కారులో కూర్చుని తింటున్నావని మాత్రం తెలియదు. ఇంట్లో, బల్ల దగ్గర కూర్చుని తింటున్నావనే ఊహించుకున్నాను.

వెళ్ళిపోతానంటే వెళ్ళు, పట్టుకుని కట్టేయలేను. కాని డబ్బా కట్టడం మానకు. ఆ పిల్ల బడి మానేసింది గాని అన్నం మానలేదు కదా. పొద్దున్నే లేచి కట్టు. పూర్తిగా చల్లారనివ్వు. మధ్యలో కాయ పెట్టు. మూతేసి, గుడ్డ చుట్టి, దాని గది ముందు పెట్టు. పిలవకు, తినమనకు. సాయంత్రం ఎలా ఉంటే అలా ఫొటో తీసి పెట్టు. నిండుగా ఉంటే నిండుగానే పెట్టు. మన నియమం సాయంత్రం డబ్బా చూపించాలనే గాని ఖాళీ డబ్బా చూపించాలని కాదు, ఆ మాట మనలో ఎవరూ అనలేదు.

సీసా మళ్ళీ పంపుతున్నాను. పోస్టువాడు దాన్ని మోసి మోసి విసిగిపోయాడు. ఈసారి తిప్పి పంపితే వాడే తినేస్తాడు.

నీ
ముల్లంగి

~

తొయామా,
నవంబరు

ముల్లంగి గారూ,

మీరు తీసేసినా నేను గారు తీయలేను, అలవాటైపోయింది.

మీ ఉత్తరం చదివి వంటింటి నేల మీద కూర్చుని ఫోను తెరిచాను. వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. మీ డబ్బాలో ముల్లంగి ముక్కల పక్కన ఆక్టోపస్. ఉల్లికాడ గారి అబ్బాయి కనాతా కిండర్‌గార్టెన్ డబ్బాలో నువ్వుగింజల కళ్ళతో ఆక్టోపస్. నువ్వులు గారు ఆస్పత్రిలో తినే డబ్బాలో, సమయం లేక దుకాణంలో కొన్న అన్నపుముద్ద తెచ్చుకున్న రోజున కూడా, ఆ ముద్ద పక్కన ఒక ఆక్టోపస్. ఆగస్టులో ఉన్నాయి. జులైలో ఉన్నాయి. అన్నిటి కిందా నా గుండె గుర్తుంది. ఒక్కదాన్నీ చూడలేదు. ఎవరూ అడగలేదని నేను ఏడ్చిన రోజుల్లో కూడా, నాకు చెప్పవలసింది మీరు చెబుతూనే ఉన్నారు.

ఇచికా నీళ్ళకని వచ్చింది. నేను మొహం తుడుచుకునే లోపలే చూసేసింది.

"ఏమైందమ్మా?"

దాచడానికి ఓపిక లేదు. ఫోను దాని చేతికిచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకుంటుందేమో, వణుకుతుందేమో అనుకున్నాను. పట్టుకుంది.

"వీళ్ళెవరు?"

"నా స్నేహితులు. ముల్లంగి, ఉల్లికాడ, నువ్వులు."

"అవేం పేర్లు?"

"నేను తామరదుంప."

నవ్వలేదు గాని పెదవి కదిలింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "నా గురించి వీళ్ళకి తెలుసా?"

"తెలుసు. నేను చెప్పకముందే తెలుసు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. రోజూ ఇవి పెట్టారు."

ఆక్టోపస్ సంగతంతా చెప్పాను. మీవారిని మండీలో ఏడిపించడం కూడా చెప్పాను. రోజూ నేను తిన్న డబ్బా ఎవరిదో, ఎక్కడ కూర్చుని తిన్నానో అదీ చెప్పాను. గోడకి ఆనుకుని నిలబడే ఫొటోలన్నీ చూసింది. "ఇన్ని రోజులా?" అంది. కాసేపయ్యాక, "ఈ ముల్లంగి గారి ఆక్టోపస్‌కి ఎప్పుడూ ఏడు కాళ్ళే ఉంటున్నాయి" అంది. ఎన్నాళ్ళకి దాని నోట్లోంచి ఒక నిండు వాక్యం విన్నానో, ముల్లంగి గారూ. కాళ్ళ లెక్క తప్పుతున్నా మీ కళ్ళజోడు మార్చకండి, నాకు ఆ ఏడు కాళ్ళే కావాలి.

మర్నాటి నుంచి మీరు చెప్పినట్టే చేస్తున్నాను. చల్లార్చి, కాయ పెట్టి, గుడ్డ చుట్టి గది ముందు పెట్టి పనికి వెళ్ళిపోతున్నాను. వచ్చేసరికి డబ్బా కట్టింది కట్టినట్టే ఉండేది. అలాగే ఫొటో పెట్టాను. నిండు డబ్బా కింద మొదటిసారి నిజం రాశాను. ఉల్లికాడ గారు "వాళ్ళమ్మ పోయాక మా కనాతా కూడా ఇలాగే నిండు డబ్బా తిప్పి తెచ్చేవాడు, రేపు నేనూ కడతాను, మీరూ కట్టండి" అని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని మర్నాడూ కట్టాను. తర్వాత చాలా రోజులు అలాగే గడిచాయి. నా మధ్యాహ్నానికి నేను వేరే డబ్బా కట్టుకుంటున్నాను. దుకాణంలో మా యజమానురాలి పక్కన కుర్చీ వేసుకుని తింటున్నాను. ఎందుకు లోపలికొచ్చావని ఆవిడ అడగలేదు, టీ పోసిచ్చింది.

నిన్నటి ఫొటో మీరు చూశారు. అన్నం ముట్టలేదు, చేప ముట్టలేదు, గుడ్డట్టు ముట్టలేదు. అన్నం మధ్యలో మాత్రం ఎర్రగా ఒక గుంట. డబ్బా మూలన గింజ.

ఫొటో చూసి మీరు "గింజ" అని ఒక్క మాట రాశారు. మిగతా ఇద్దరూ అదే మాట రాశారు. చప్పట్లు కొట్టనందుకు మీకు రుణపడి ఉంటాను.

బడి సంగతి నాకు తెలియదు. ఈ ఏడు వెళ్తుందో, అసలు వెళ్తుందో లేదో తెలియదు. దాని గ్రూపువాళ్ళు దాన్ని పిలవలేదు, పిలిచినా నేను పంపుతానో లేదో. ఆ దిగులు అలాగే ఉంది. మీవారిని ఇంకొన్నాళ్ళు ఓర్చుకోమనండి.

ఇవాళ పొద్దున అన్నం చల్లారబెట్టి మీ సీసా మూత తీస్తుంటే, గది లోపలినుంచి ఇచికా గొంతు వినిపించింది.

"అమ్మా, రెండు పెట్టు."

మీ
తామరదుంప